ఆకేరు ఇసుకలో ప్రధానపు ఉంగరం

అది 1962. వరంగల్ దగ్గర సుబేదారిలో ఒక పెంకుటింటి ముందు గదులు అద్దెకు తీసుకొని మా బీమా కంపెనీ బ్రాంచి నడిచేది. నేను అందులో ఇన్‌స్పెక్టర్ని. బీమా చేయాల్సిన వస్తువును ముందుగా వెళ్లి చూసి రావడం, తర్వాత ఏదైనా నష్టం జరిగితే ఎట్లా జరిగిందో విచారించి రాయడం నా పని. పత్తి జిన్నింగు మిల్లులు, రైస్ మిల్లులు, లారీలు, వీటి మధ్యనే నా రోజులు గడిచేవి. ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా దూది ఉండేది. మా నాయన మగ్గం నేసిన మనిషి. నా చొక్కా దులుపుతూ, "నేను దారంతోటి బతికిన, నువ్వు దూదితోటి బతుకుతానవ్" అని నవ్వేవాడు.

ఆ యేడు వానలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం, పెంకుల మీద చినుకుల చప్పుడు వింటూ నేను సగం నిద్రలో ఉన్నాను. గుమ్మంలో ఒక యువకుడు నిలబడి గొడుగు మడుస్తున్నాడు. ఖాకీ చొక్కా, చేతుల మీద గ్రీజు మరకలు. పేరు యాకోబు అన్నాడు. డోర్నకల్ జంక్షన్‌లో సిగ్నల్ ఫిట్టరు.

"సార్, ఉంగురానికి బీమా చేస్తరా?"

నగలకు చేస్తామని చెప్పాను. దాన్ని ఆల్ రిస్క్స్ పాలసీ అంటారు. దొంగలు ఎత్తుకుపోయినా, అగ్గిలో కాలినా, ఎక్కడో జారి పడిపోయినా వర్తిస్తుంది. మా బ్రాంచిలో అప్పటిదాకా అట్లాంటిది ఒక్కటీ రాయలేదు.

"ఉంగురం చూపించు."

"నా దగ్గర లేదు సార్. మరిపెడల ఉన్నది. కృప దగ్గర."

కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పాడు. క్రైస్తవుల ఇండ్లలో పెళ్లికి ముందు జరిగే నిశ్చయాన్ని ప్రధానం అంటారు. యాకోబుకు, కృప అనే నర్సుకు ఎండాకాలంలో ప్రధానం జరిగింది. ఆమె మరిపెడ దగ్గర ఒక చిన్న మిషన్ దవాఖానలో కాన్పులు చేసే నర్సు. ఏడాది పాటు అక్కడే పనిచేస్తానని మాటిచ్చి చేరింది. ఆ ఏడాది నిండాకనే పెళ్లి. అందాకా అతను డోర్నకల్‌లో, ఆమె మరిపెడలో. ఉంగరం మాత్రం కొన్న బంగారం కాదు. యాకోబు తల్లి అతని చిన్నతనంలోనే పోయింది. ఆమె కమ్మలను మేనత్త మార్తమ్మ దాచి ఉంచింది. ఆ కమ్మలు కరిగించి, చిన్న కెంపు పొదిగించి, వరంగల్ చౌరస్తాలో ఉంగరం చేయించారు.

"రైల్ల పోయే మామిడిపండ్ల బుట్టకు గూడ బీమా ఉంటది సార్. నేను రోజూ చూస్తాన. మా అమ్మ బంగారానికి ఉండద్దా?" అన్నాడు.

మా మేనేజరు గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడే కానీ రూలు తప్పడు. విషయమంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ ఎవరికుందండీ ఇందులో?" అన్నాడు.

వస్తువు పోతే నిజంగా ఎవరు నష్టపోతారో వాళ్లే దానికి బీమా చేయించుకోవాలి. పక్కింటి వాడి ఇంటికి మనం బీమా చేయించుకోలేం. మా వ్యాపారంలో మొదటి పాఠం అదే. ఉంగరం ఇచ్చేశాడు కాబట్టి అది ఆమెది. కానీ ఆమె ఇంకా భార్య కాదు, ఒకే ఇంట్లో ఉండడం లేదు. రేపు సంబంధం తప్పిపోతే?

నేను బయటికొచ్చి యాకోబును అదే అడిగాను. "ప్రధానం తప్పిపోతే ఉంగురం ఎవరిదైతది?"

అతను తడి గొడుగును గోడకు ఆనించాడు.

"తప్పిపోవుడు గురించి నేను ఎన్నడు అనుకోలే సార్."

ఆ మాట నేను మేనేజరుకు చెబితే ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి ఇద్దరి పేరుతో పాలసీ రాద్దామని ఒప్పుకున్నాడు. "కానీ మీరు వెళ్లి చూసి రండి. వస్తువు ఎలా ఉంటోందో, ఎక్కడ ఉంటోందో ప్రపోజల్‌లో రాయండి. ఆ అమ్మాయితోనూ సంతకం చేయించండి" అన్నాడు. ప్రపోజల్ అంటే బీమా కోరుతూ ఇచ్చే అర్జీ. అందులో చెప్పిన దాన్ని నమ్మి కంపెనీ పాలసీ ఇస్తుంది.

నేను మరిపెడకు బస్సెక్కిన రోజు ఆకాశం భూమికి ఆనుకొని ఉన్నట్టుంది. వర్ధన్నపేట దాటాక రోడ్డుకు అటూ ఇటూ జొన్న చేలు తడిసి, పొగలాంటి మంచులో కదులుతున్నాయి. బస్సు అద్దాల మీద నీళ్లు జారుతుంటే చెట్లు కరిగి మళ్లీ అతుక్కుంటున్నట్టు కనిపించాయి. మిల్లులు లెక్కగట్టడానికి పోయే దారి కాదిది. ఒకరి వేలు చూడడానికి పోతున్నాననుకుంటే నాకే వింతగా అనిపించింది.

దవాఖాన అంటే పొడుగాటి ఒక పాక, ముందు సున్నం కొట్టిన వరండా. కృప తెల్లచీర కట్టుకొని పసిపిల్లల గుడ్డలు ఆరేస్తోంది. వానలోనే, చూరు కింద. నేనెవరో చెప్పాను. ఆమె వేలికి ఉంగరం లేదు.

నా చూపు గమనించి, మెడలోంచి నల్లదారం పైకి లాగింది. దాని చివర ఉంగరం. మబ్బు వెలుతురులో ఆ కెంపు దానిమ్మ గింజలాగా ఉంది.

"కాన్పు చేసేటప్పుడు చేతికి ఉండద్దు సార్. తల్లికీ బిడ్డకూ తగులుతది. ఏ యాళకు పిలుస్తరో తెల్వది గద, అందుకని మెడలనే వేసుకుంటాన. ఆదివారం ప్రార్థనకు పోయేటప్పుడు వేలికి తొడుక్కుంట."

దాన్నే ఉన్నదున్నట్టు రాసుకున్నాను. వేలికి గానీ, మెడలో దారానికి గానీ ధరించబడును.

సంతకం చేసే ముందు ఆమె కలం పట్టుకొని ఆగిపోయింది.

"ఒక మాట అడుగుత. నా మీద నమ్మకం లేకనా సార్, గీ బీమా?"

ఇట్లాంటి ప్రశ్న మిల్లు యజమాని ఎవరూ నన్ను అడగలేదు. "నీ మీద కాదమ్మా, దూరం మీద నమ్మకం లేక. నువ్వు ఆయనకు కనపడే దూరంల ఉంటే నా దగ్గరికి వచ్చేటోడే కాదు" అన్నాను.

ఆమె చిన్నగా నవ్వి సంతకం చేసింది. తిరుగు బస్సులో నాకు నిద్ర పట్టింది. కెంపు రంగు నీళ్లు పారుతున్నట్టు కల వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియదు, భయం మాత్రం వేయలేదు.

వానలు తగ్గుముఖం పడతాయనుకుంటున్న రోజుల్లో ఒక్కసారిగా ముసురు పట్టి అన్ని వాగులూ పొంగాయి. అవి కాస్త తగ్గాక యాకోబు మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట ఒక పెద్దావిడ ఉంది. సన్నగా, నిటారుగా, తలమీద కొంగుతో. ఆవిడే మేనత్త మార్తమ్మ. యాకోబు నోరు తెరవక ముందే ఆవిడ అందుకుంది.

"ఉంగురం పోయిందట బిడ్డా. వాగుల పోయిందట! మెడల ఉన్నది వాగుల ఎట్ల పోతది? అమ్ముకున్నదో, ఎవరికన్న ఇచ్చుకున్నదో. మా వదినె పోయేటప్పుడు ఆ కమ్మలు తీసి నా చేతిల పెట్టింది. కోడలికి ఇయ్యమన్నది. ఎన్ని కష్టాలచ్చినా నేను వాటిని ముట్టలే. గీ పిల్ల ఏడాది గూడ కాపాడలేకపాయె. నాకు గీ సంబంధం వద్దు."

"అత్తా, జర ఊకో," అన్నాడు యాకోబు. అతని గొంతులో జీవం లేదు.

"నువ్వేం విన్నవ్?" అని అతన్ని అడిగాను.

"మరిపెడ నుంచి వచ్చిన లారీ డ్రైవర్ చెప్పిండు సార్. కృప ఆకేరు దాటుతాంటె ఉంగురం పోయిందని చెప్పి పంపింది. అంతే. నాకు ఇంకేం తెల్వది."

మేనేజరు నన్నే విచారణకు పొమ్మన్నాడు. మార్తమ్మ నా మీద కూడా నమ్మకం పెట్టుకోలేదు. తానూ వస్తానంది. అట్లా ముగ్గురం మరిపెడ బస్సెక్కాం. దారంతా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. యాకోబు తన అరచేతులను చూసుకుంటూ కూర్చున్నాడు.

దవాఖానలో కృప లేదు. వాగు దగ్గరికి పోయిందని అక్కడ పనిచేసే ఆయమ్మ చెప్పింది. గట్లమ్మట నడుచుకుంటూ ఆకేరు ఒడ్డుకు చేరేసరికి ఎండ వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన ఎండ అది. తడి ఇసుక మీద పడి వాగంతా పాలపొంగులాగా మెరుస్తోంది. నీళ్లు రెండు పాయలుగా తగ్గిపోయి, మధ్యలో పెద్ద ఇసుక మేట పడుంది.

ఆ మేట మీద ఒక ఊరి జనమంతా ఉన్నారు.

ముందు నాకేమీ అర్థం కాలేదు. ఆడవాళ్లు చేటలతో ఇసుక చెరుగుతున్నారు, ఇంట్లో బియ్యం చెరిగినట్టే. మగవాళ్లు జల్లెడలు పట్టుకొని ఊపుతున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. చేటల్లోంచి రాలే ఇసుక చప్పుడు, నీళ్ల చప్పుడు, అంతే. ఒకరు వెతికిన చోట చిన్న పుల్ల పాతి పక్కకు జరుగుతున్నారు. ఎండలో ఆ మనుషుల నీడలు నీటి మీద కదులుతుంటే, నేను ఇంకా బస్సులోనే నిద్రపోతున్నానేమో అనిపించింది.

ఒడ్డున ఎడ్లబండి గూడు కింద ఒక పడుచుపిల్ల పసిబిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆమె పక్కనే ఆమె అత్త, ముసలామె. విషయం ఆమె చెప్పింది.

ముసురు రోజుల్లో కోడలికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఊళ్లో మంత్రసాని తన వల్ల కాదంది. తెల్లవారుతుండగా ఆమె కొడుకు ఈదుకుంటూ అవతలికి పోయి దవాఖాన తలుపు కొట్టాడు. బండి దాటే స్థితి లేదు. మోకు కట్టి, దాన్ని పట్టుకొని నడవాలి.

"నర్సమ్మ ఎనుకా ముందు చూడలే అయ్యా. మందుల డబ్బ నెత్తిన పెట్టుకొని, ఒక చేత్తోటి మోకు పట్టుకొని దిగింది. నడుమ దాక నీళ్లు, ఆడాడ మెడ దాక. నడిమిట్ల వరద కొట్టుకొచ్చిన కొమ్మ ఒకటి తగిలింది. పడబోయి నిలవడ్డది. ఇంటికొచ్చి తడిసిన బట్ట మార్చుకోకుండనే పనిల పడ్డది. తల్లిని బతికిచ్చింది, బిడ్డను బతికిచ్చింది. బిడ్డ ఏడిసినంక, అప్పుడు మెడ తడుముకున్నది. దారం లేదు."

మార్తమ్మ ముఖంలో అనుమానం ఇంకా పోలేదు. "మరి మీరందరు గిట్ల ఎతుకుతాన్రు. నర్సమ్మ ఏమన్న ఇస్తనన్నదా?"

ముసలామె ఆవిడను పైనుంచి కింది దాకా చూసింది.

"ఆమె వద్దన్నది. మీ పనులు చూసుకోండి అన్నది. మాకు మనసొప్పలే. నీళ్లు తగ్గినప్పటి సంది దిగినం."

ఇంతలో మేట మీద ఒకామె కేక వేసింది. అందరూ అటు ఉరికారు. నేనూ నీటి అంచు దాకా ఉరికాను. ఆమె చేటలో ఉన్నది ఉంగరం కాదు, నల్లబడిన వెండి మెట్టె. చేతులు మారుతూ అది ముసలామె దగ్గరికి వచ్చింది. ఆమె దాన్ని నీళ్లలో కడిగి, కొంగుతో తుడిచి, ఎండకు పట్టి చూసింది.

"ఇది నాదే" అంది. "కొత్త కోడలుగ వచ్చిన ఏడు గుడ్డలు ఉతుకుతాంటె పోయింది. మా ఆయన నన్ను ఎంత తిట్టిండో!"

కాలి వేలికి పెట్టుకోబోయింది. వేలు లావైపోయి ఎక్కలేదు. నవ్వుతూనే ఉంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. భర్త పోయి చాలా కాలమైందని పక్కామె నాకు చెవిలో చెప్పింది. అంతకుముందు ఇంకా ఏవేవో దొరికాయట. ఎద్దు మెడలో గంట ఒకటి, ఇత్తడి దీపపు కుంది ఒకటి. వాగు తన దగ్గర దాచుకున్నవన్నీ ఇస్తోంది, అడిగిన ఉంగరం తప్ప.

కృప మేట చివర మోకాళ్ల మీద కూర్చొని ఇసుక తోడుతోంది. యాకోబు నీళ్ల పాయ దాటి ఆమె దగ్గరికి పోయాడు. నేను కొంచెం వెనకే ఉన్నాను. ఆమె తలెత్తి అతన్ని చూసింది. తర్వాత నా వెనక వస్తున్న మార్తమ్మను చూసింది.

"మీ అమ్మ బంగారం పోగొట్టిన" అంది.

యాకోబు ఆ మాట విననట్టే ఉన్నాడు. పారుతున్న నీళ్లను, అవతలి ఒడ్డును, ఇంకా చెట్టుకు కట్టి ఉన్న మోకును చూస్తున్నాడు.

"నీకు ఈత రాదు గదా!" అన్నాడు. "ఈత రాకుండ గీ వాగుల ఎట్ల దిగినవే?"

అంతదాకా నేను విన్న ప్రాణం లేని గొంతు కాదది. భయం, కోపం, ఏడుపు అన్నీ కలిసి ఉన్నాయి. కృప రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. అతను పక్కన కూలబడి, ఇసుక అంటిన ఆమె చేతిని పట్టుకున్నాడు.

మార్తమ్మ వాళ్లను చూస్తూ నిలబడింది. ఏం అంటుందోనని నేను బిక్కుబిక్కుమంటున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగదోపి, పక్కన పడి ఉన్న చేట అందుకుంది.

"జరగుండ్రి" అంది ఆడవాళ్లతో. "మా వదినె బంగారం నాకు తెలుస్తది. ఎర్ర ఛాయ ఉంటది."

పొద్దు వాలేదాకా ఆవిడ చెరుగుతూనే ఉంది. ఉంగరం దొరకలేదు. బస్సు వేళ అయిందని నేను పిలిస్తే, కృప దగ్గరికి పోయి, కొంగుతో ఆమె చేతులు తుడిచి, "తడిల ఉండకు. మల్ల ఎన్నడన్న వాగు దాటవలసి వస్తె ఇద్దరి నడుమ నడువు" అని మాత్రం అంది.

నా రిపోర్టు చూసి మేనేజరు అడ్డు చెప్పాడు. పాలసీలో రీజనబుల్ కేర్ అని ఒక షరతు ఉంటుంది. బీమా ఉంది కదా అని నిర్లక్ష్యం చేయకుండా, సొంత వస్తువును ఎవరైనా ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో అంత జాగ్రత్త పడాలి. "నగ మెడలో వేసుకుని వరదలోకి దిగడం జాగ్రత్త అవుతుందా?" అన్నాడు.

"మెడలో ఉంటదని మనకు ముందే చెప్పింది సార్. మనం ఒప్పుకున్నాం. ఆమె నర్సు అని కూడా మనకు తెలుసు. ఆ పొద్దు తీసి ఎక్కడ పెట్టాలి, ఒడ్డున రాయి కిందనా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. రిపోర్టు మొదటి నుంచి మళ్లీ చదివి, సిఫారసు చేసి హైదరాబాద్ ఆఫీసుకు పంపాడు. కొన్ని వారాలకు క్లెయిమ్ మంజూరైంది.

యాకోబు, కృప కలిసి వచ్చారు; మార్తమ్మ బయట వరండాలో కూర్చుంది. నేను డిశ్చార్జి కాగితం ముందు పెట్టాను. నష్టపరిహారం ముట్టింది, ఇక మాకేమీ రావలసింది లేదు అని రాసిచ్చే కాగితం అది. అందులో సాల్వేజ్ గురించి కూడా ఉంటుంది. పోయిన వస్తువుకు కంపెనీ పూర్తి విలువ చెల్లిస్తే, తర్వాత ఆ వస్తువు దొరికినప్పుడు అది కంపెనీకే చెందుతుంది. సంతకం చేయబోతుంటే మాటవరసకు చెప్పినట్టు చెప్పాను.

కృప చెయ్యి ఆగింది.

"అంటే సార్, ఇప్పుడు అది వాగుల ఉన్నా మాదే. సంతకం పెడితే మీదయితది. అంతేనా?"

"అంతే."

ఇద్దరూ లేచి వరండాలోకి పోయారు. స్తంభం పక్కన నిలబడి మార్తమ్మతో మెల్లగా మాట్లాడారు. తిరిగి వచ్చి యాకోబు అన్నాడు:

"వద్దు సార్. ఆ ఊరోళ్లు ఇంక ఎతుకుతనే ఉన్నరు. నీళ్లకు పోయినా, గుడ్డలు ఉతకపోయినా ఇసుక కెలికి చూస్తాన్రు. రేపు ఎవరికన్న దొరికి సంబురంగ తెచ్చిస్తె, ఇది మాది కాదు, కంపెనీది అని ఎట్ల చెప్పాలె?"

"అత్తమ్మ గూడ గదే అన్నది" అంది కృప. "వాళ్ల కష్టం అమ్ముకోవద్దన్నది."

నేను నచ్చజెప్పాను. దొరకడం కల్ల, ఆ డబ్బుతో ఇంకో ఉంగరం చేయించుకోవచ్చు అన్నాను. వాళ్లు విన్నారు, తల ఊపారు, కానీ సంతకం చేయలేదు. మంజూరైన క్లెయిమ్‌ను వద్దనుకొని పోయినవాళ్లను నా సర్వీసు మొత్తంలో ఇంకెవరినీ చూడలేదు. మేనేజరుకు చెబితే, "ఏం రాయాలండీ ఫైల్లో?" అన్నాడు. తర్వాత తనే, "ఉపసంహరించుకున్నారు అని రాయండి, చాలు" అన్నాడు.

మరుసటి ఎండాకాలం డోర్నకల్‌లో వాళ్ల పెళ్లయింది. నేను వెళ్లాను. మార్తమ్మే నాకు వడ్డించింది. ఆకేరు అవతలి ఊరివాళ్లు రెండు బండ్ల మీద వచ్చారు, మెట్టె దొరికిన ముసలామె కూడా. ఉంగరం మాత్రం నాకు తెలిసినంతలో దొరకలేదు.

ఆ తర్వాత ఎంతోమందికి క్లెయిములు ఇప్పించాను. కాలిన మిల్లులకు, బోల్తాపడిన లారీలకు. ఈ కేసు వల్ల నా పనిలో ఒకటి మారింది. అంతకుముందు డిశ్చార్జి కాగితం ముందు పెట్టి, ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించేవాణ్ణి. ఆ తర్వాత నుంచి, ఈ సంతకంతో మీకేం వస్తుందో చెప్పేముందు, ఏది మీది కాకుండా పోతుందో చెప్పడం అలవాటు చేసుకున్నాను. దాదాపు అందరూ సంతకం చేశారు. చేయడమే మంచిదని నేనూ చెప్పేవాణ్ణి. కానీ ఆ మాట విన్నాక ప్రతి ఒక్కరూ కలం పట్టుకొని ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణంలో నేను తొందరపెట్టేవాణ్ణి కాదు.